ఛీ వదిన చేతి పొడి

పొద్దున్నే టీ తాగకముందే కోడి తోక ఎత్తి కింద ఊదాలి. ఆ ఇంట్లో మొదటి పని అది. టీ తాగాక ఊదితే తాగిన టీ కడుపులో నిలవదు కాబట్టి, ఈ వరస ఎప్పుడో ఎవరో తెలివైనవాళ్ళే పెట్టి ఉంటారు.

ఊదడమంటే ఊరికే ఊదడం కాదు. కోడిని తలకిందులుగా చంకలో ఇరికించుకుని, రెట్ట వేసే చోట ఈకలు విడిపోయేలా సన్నగా ఊపిరి వదలాలి. ఈకల మొదళ్ళు తెల్లగా కనిపిస్తే ఆ కోడి బాగున్నట్టు. మసి పూసినట్టు నల్లగా, జిడ్డుగా కనిపిస్తే అక్కడ కోడిపేలు కాపురం పెట్టినట్టు. దూరం నుంచి మిరియాలపొడి చల్లినట్టే ఉంటుంది. కాకపోతే మిరియాలపొడి నడవదు, ఇది నడుస్తుంది. ఊదినవాళ్ళ పెదవి మీదికి, ముక్కు మీదికి, చొక్కా కాలర్లోకి నడుస్తుంది. కోడి నెత్తురు తాగి, కోడి ఒంటి మీదే దొడ్డికి కూర్చుని, కుట్టిన చోట పక్కు కట్టిన పుండు పక్కనే గుడ్లు పెట్టుకుని పిల్లల్ని పెంచుకునే జాతి. ఈ మాటలు చెబుతుంటే నాకే మెడ మీద గోకుడు మొదలైంది. కానీ కథ అక్కడే ఉంది, ఏం చేస్తాం.

ఆ ఇంటి కోళ్ళ షెడ్డులో ఊదే పని కోడలిది. ఆమె కోడిని పట్టుకుంటుంది, ఊదుతుంది, చూస్తుంది, "ఛీ!" అంటుంది. గొంతులోంచి వచ్చే ఛీ కాదు, కడుపులోంచి వచ్చేది. అనగానే ఆమె వేళ్ళ కొసల నుంచి తెల్లటి పొడి రాలుతుంది. జల్లించిన పిండిలా మెత్తగా, తేలిగ్గా ఉండే పొడి. దాన్ని ఈకల మొదళ్ళలోకి రుద్ది, కోడిని వదిలేసి ఇంకోదాన్ని అందుకుంటుంది. "ఛీ!" మళ్ళీ పొడి. మిగిలింది మూలనున్న చెక్క తొట్లలో పడుతుంది. మధ్యాహ్నం కోళ్ళు వాటిలోకి దిగి, రెక్కలు విదిలించుకుంటూ, కళ్ళు మూసుకుని పొర్లుతాయి.

ఇందులో వింతేమీ లేదు. కొందరికి అరచేతులు చెమట పడతాయి, కొందరికి చలికి పెదవులు పగులుతాయి, ఆమెకి అసహ్యం వేస్తే పొడి రాలుతుంది. చిన్నాడపడుచు కాపురానికొచ్చిన వదినని మొదటి వారంలోనే "ఛీ వదిన" అనేసింది. ఆ పేరు గోడ దాటి వీధిలోకి వెళ్ళింది. కూరగాయలవాడు కూడా ఆమెని "ఏం కావాలి ఛీ వదినా?" అనే అడిగేవాడు.

పెళ్ళికి ముందు ఆమె ఒక బేకరీలో పిండి కలిపేది. తెల్ల గోడలు, తెల్ల బల్లలు, మొహం కనిపించేంతగా తుడిచిన నేల. అసహ్యం వెయ్యడానికి ఏమీ లేని చోటు కాబట్టి ఆమెకి అక్కడ హాయిగా ఉండేది. మామగారు, అంటే అప్పటికింకా మామగారు కాలేదు, ఒక రోజు అక్కడికి గుడ్లు తెచ్చాడు. వాటిలో ఒకటి మురిగింది. ఆమె పగలగొట్టగానే నల్లటి నీళ్ళు గిన్నెలో పడ్డాయి. "ఛీ!" అంది. పొడి రాలింది.

"ఇదిగో, మళ్ళీ! పిండిలో పడలేదు కదా?" అని బేకరీ యజమానురాలు గుడ్డ తీసుకుని పరిగెత్తుకొచ్చింది.

మామగారు బల్ల మీది పొడిని వేలితో అద్దుకుని నలిపి చూశాడు. తన కాలర్ మీద పాకుతున్న ఒక కోడిపేనుని తీసి అందులో వేశాడు. కోళ్ళు పెంచేవాళ్ళ కాలర్ మీద ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి, సుబ్బరంగా స్నానం చేసి పెళ్ళికెళ్ళినా ఉంటాయి. ఆయన టీ తాగి వచ్చి చూసేసరికి, దాని ఒంటి మీది జిడ్డంతా పొడి పీల్చేసుకుంది, లోపలి తడి ఆరిపోయింది, కాళ్ళు ముడుచుకుని పడుంది. ఆయన పొడి వాసన చూశాడు. వాసన లేదు. నాలుక మీద వేసుకున్నాడు. రుచి లేదు. మందు కొడితే గుడ్డులోకి దిగుతుంది, పైగా నాలుగుసార్లు కొట్టాక పేలు మందుకే అలవాటు పడిపోతాయి. ఇది మందు కాదు, ఉత్త పొడి. ఎండిపోవడానికి అలవాటు పడ్డ పేను ఇంతవరకూ పుట్టలేదు.

ఆ సాయంత్రమే ఆయన కొడుక్కి సంబంధం మాట్లాడటానికి వాళ్ళింటికి వెళ్ళాడు. పిల్ల చదువు అడగలేదు, వంట అడగలేదు.

"మీ అమ్మాయికి అసహ్యం బాగా వేస్తుందా?" అని ఒక్కటే అడిగాడు.

"దానికి అయినదానికీ కానిదానికీ వేస్తుందండీ," అని వాళ్ళమ్మ సిగ్గుపడింది.

రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాడాయన.

కొడుకు మంచివాడు. ఈ మాట నేనంటున్నది కాదు, వీధిలో అందరూ అనేది. నోట్లో నాలుక లేని మనిషి, ఒకరి జోలికి పోడు. పొడి రాలితే ఊరికే రాలదు, ఆమె ఒంట్లో తడి కూడా తీసుకుపోతుంది. సాయంత్రమయ్యేసరికి వేళ్ళు బీటలు వారేవి. అప్పుడతను గోరువెచ్చని నూనె గిన్నె తెచ్చుకుని, ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలూ రుద్దేవాడు.

"మంటగా ఉందా?"

"నువ్వు రుద్దితే ఉండదు."

ఆ కొంపలో ఆమెకి అసహ్యం వెయ్యనివి రెండే రెండు. ఆ నూనె గిన్నె, ఆ చేతులు.

ఆమె రాకముందు ఆ షెడ్డులో పనులు పద్ధతిగానే జరిగేవి. కింద పరిచిన పొట్టు మార్చేవాళ్ళు. కోళ్ళు వాలే కర్రలు ఊడదీసి మరిగే నీళ్ళతో కడిగేవాళ్ళు. కొత్త కోళ్ళు వస్తే విడిగా ఉంచి, తోకలు ఊది చూశాకే లోపలికి వదిలేవాళ్ళు. ఆమె వచ్చాక ఒక్కొక్కటే మానేశారు. "మందు ఇంట్లోనే తిరుగుతుంటే చీపురెందుకురా?" అన్నాడు మామగారు. నీళ్ళ పైపు కారడం మొదలుపెట్టింది. దాని కింద పొట్టు తడిసి బురదైంది, బురద పులిసింది, పులిసినదాంట్లో తెల్లటి పురుగులు లుకలుకలాడాయి. కొడుకు పైపు బాగుచేయబోతే తండ్రి ఆపాడు.

"ఉండనీరా. అమ్మాయి దాన్ని చూసినప్పుడల్లా ఇంకో గుప్పెడు రాలుతోంది."

కొడుకు పానా కింద పెట్టేశాడు. మంచివాడు కదా.

అత్తగారు మాత్రం కోడలు ముక్కు మూసుకున్నప్పుడల్లా, "అలవాటైపోతుందిలే అమ్మా, నాకు కాలేదూ?" అనేది. ఓదార్పుగానే అనేది. కానీ ఆ మాట వింటే కోడలికి గుండె జారేది. ఎందుకంటే అత్తగారి జడలో పేలు పాకుతుంటే ఆవిడ మాటల మధ్యలో ఆపకుండా తీసి గోటితో నొక్కేది. ఒకసారి కోడలు నూనె రాయించుకుంటూ భర్తతో అంది:

"నాకు కూడా అలవాటైపోతే ఎలా? అసహ్యం వేసినంతసేపూ ఇది నా ఒళ్ళు, అది పేను అని తెలుస్తుంది. అది కూడా పోతే ఇంక నేనేం మిగులుతాను?"

"నీకు అలవాటవదులే," అన్నాడతను.

అయింది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలు చేస్తుండగా ఆమె పళ్ళెం అంచు మీద ఒక కోడిపేను, నెత్తురు తాగి ఉబ్బింది, నింపాదిగా నడుస్తోంది. ఆమె దాన్ని చిటికెనవేలితో పక్కకి తోసి, ముద్ద నోట్లో పెట్టుకుంది. అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మామగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు. ఆమె వేళ్ళ నుంచి ఏమీ రాలలేదు.

మర్నాడు పొద్దున్న కోడిని పట్టుకుని ఊదింది. నల్లగా, జిడ్డుగా, గుంపుగా ఉన్నాయి. "ఛీ," అంది. ఎవరి పేరో పిలిచినట్టు వచ్చింది ఆ మాట. పొడి లేదు.

పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందట. వీళ్ళు పెత్తనం ఇవ్వలేదు, షెడ్డే రాసిచ్చేశారు. తొట్లలో పాత పొడి అయిపోగానే పేలు తోకల కింద నుంచి వీపుల మీదికి, వీపుల మీద నుంచి కర్రల మీదికి, అక్కడి నుంచి గుడ్ల మీదికి వచ్చాయి. తెల్ల గుడ్డు మీద బూడిదరంగు దుమ్ము పట్టినట్టుండేది, వేలు పెడితే దుమ్ము చెల్లాచెదురుగా పరిగెత్తేది. కోళ్ళ నెత్తి మీది ఎర్ర జుట్లు పాలిపోయాయి. కొన్ని కర్ర ఎక్కే ఓపిక లేక కిందే కూర్చుని, కూర్చున్నవి కూర్చున్నట్టే చచ్చిపోయాయి. ఇంట్లో అందరూ గోక్కుంటూ మాట్లాడుకునేవాళ్ళు, గోక్కుంటూ నిద్రపోయేవాళ్ళు. ఆడపడుచు బడికి వెళ్తే పక్కన కూర్చునే పిల్లలు బెంచీ మార్చుకున్నారు.

గుడ్ల వ్యాపారి ఒక ట్రే వెనక్కి తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"ఏంటండీ ఇది? కోళ్ళు పెట్టిన గుడ్లు నడుస్తున్నాయేంటి?"

"ఎండకి బయటికొచ్చుంటాయి..." అని మామగారు నసిగాడు.

"ఇంకొక్కసారి ఒక్క పేను కనబడితే మీ గుమ్మం తొక్కను. నా కొట్లో ఆడవాళ్ళు గుడ్లు పట్టుకోడానికి కర్రలు అడుగుతున్నారు."

ఆ ఇంటికి గుడ్లు తప్ప ఇంకో ఆధారం లేదు. పొయ్యిలో బూడిద తెచ్చి తొట్లలో పోశారు. పొడి బూడిద ఎంతోకొంత పనిచేసేదే. కానీ కారే పైపు దగ్గరినుంచి కోళ్ళు తడికాళ్ళతో వచ్చి పొర్లితే, పూట గడవకముందే అది ముద్దయిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. వీళ్ళు అడుసుని ఇంట్లోనే తయారుచేసుకున్నారు.

తర్వాత కోడలికి అసహ్యం పుట్టించడానికి ఇంటిల్లిపాదీ నడుం కట్టారు. అత్తగారు స్నానాలగది తూములోంచి వెంట్రుకల ఉండ లాగి, కారుతుండగా మొహం ముందు పట్టుకుంది. "జడకి సవరం చేయించుకోండి అత్తయ్యా," అంది కోడలు. ఆడపడుచు తన క్లాసులో ఒక అబ్బాయి చీమిడితో ఏం చేస్తాడో పూసగుచ్చినట్టు చెప్పింది. కోడలు నవ్వింది. మామగారు ఆమె ఎదురుగా కూర్చుని కట్టుడు పళ్ళు బయటికి తీసి టీలో కడిగాడు. ఆమె ఇంకో గ్లాసు టీ తెచ్చిచ్చింది.

ఆ సాయంత్రం నూనె గిన్నె ముందు ఆమె ఏడ్చింది. వేళ్ళు పగల్లేదు, రుద్దడానికేమీ లేదు.

"నేను చచ్చిపోయానేమో చూడు," అంది భర్తతో. "నాకేమీ అనిపించడం లేదు."

అతను ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అతనికి నిజంగానే జాలేసింది. ఆ సంగతి కాదనను.

తెల్లవారి ఆమె చెప్పుల్లో కాలు పెట్టింది. మెత్తగా తగిలింది. చచ్చిన ఎలుక, పొట్ట పగిలి, వేళ్ళ సందుల్లోకి వచ్చింది. "ఛీ!" అని ఆమె కేక పెట్టింది, కడుపులోంచి. రెండు చేతుల నుంచి పొడి జలజలా రాలింది. అత్తగారు చేట పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కోడలు ఒంటికాలి మీద గెంతుతూ, వాంతి ఆపుకుంటూ, మధ్యలో నవ్వుతోంది. "నేను బానే ఉన్నాను! నాకు అసహ్యం వేసింది!" అని భర్తకి చెప్పింది. అతను కూడా నవ్వాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో అలాంటివి జరుగుతూనే వచ్చాయి. టీ అడుగున బొద్దింక. దిండు కింద మురిగిన గుడ్డు, తల ఆనించగానే పగిలేలా. మొహం తుడుచుకునే తువ్వాలు మడతలో కోడి పేగు. ఆమె కడుపులో ఏదీ నిలవడం మానేసింది, బుగ్గలు పీక్కుపోయాయి. వేళ్ళు పగిలి నెత్తురు కారేది, పొడి గులాబీరంగులో రాలేది. తొట్లు నిండాయి. కోళ్ళు పొర్లాయి. పేలు తగ్గాయి.

"ఎలుకలు, పురుగులు ఎక్కువైపోయాయి. పాత ఇల్లు కదా," అనేవాడు భర్త, వేలు వేలుకీ నూనె రాస్తూ. "మంటగా ఉందా?"

"నువ్వు రుద్దితే ఉండదు," అనేది ఆమె.

మళ్ళీ వ్యాపారి రావడానికి ముందురోజు మధ్యాహ్నం ఆమె ఖాళీ ట్రేల కోసం దాణా గదిలోకి వెళ్ళింది. భర్త అటు తిరిగి కూర్చున్నాడు. ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు, చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. పక్కన చచ్చిన కోళ్ళ బకెట్. ఒక కోడి పొట్టలోంచి చెంచాతో తెల్ల పురుగుల్ని ఒడుపుగా తీసి, ఎదురుగా ఉన్న గిన్నెలో వేస్తున్నాడు. అవి మునిగి, తేలి, మెలికలు తిరుగుతున్నాయి. అది నూనె గిన్నె.

ఆమె గుమ్మంలోనే ఆగింది. అతను చెంచా దులుపుకుని వెనక్కి తిరిగాడు.

"అన్నీ నువ్వేనా?" అంది.

అతను రుమాలు కిందికి లాక్కున్నాడు. "నీకు బల్లి అంటే భయం కదా. ఒక్కసారి కూడా బల్లిని పెట్టలేదు, చూశావా?"

"నూనెలోనా?"

"మిగతావన్నీ నీకు అలవాటైపోతున్నాయి. నిన్న తువ్వాలులో పెడితే చిటికెడే రాలింది. రేపు ఆయనొస్తాడు. మనిల్లు నిలబడాలి కదా." గొంతు తగ్గించాడు. "ఇంకేం మిగిలిందని ఆలోచిస్తే ఇదొక్కటే కనబడింది."

"తొడుగులెందుకు?"

ఆ ప్రశ్న అతనికి అర్థం కాలేదు. "ఛీ," అన్నాడు, "వీటిని ఉత్త చేత్తో ఎవరు ముట్టుకుంటారు?"

ఆమె ఛీ అనలేదు. వేళ్ళ కొసల నుంచి మొదలైంది, తర్వాత మోచేతుల నుంచి, తర్వాత జుట్టు నుంచి, మెడ నుంచి, కనురెప్పల నుంచి. తెల్లగా, నిశ్శబ్దంగా, ధారగా. దాణా గది నేల కనబడకుండా పోయింది. ఆమె వెనక్కి తిరిగి వాకిట్లోకి నడిచింది. పొడి రాలుతూనే ఉంది.

"పళ్ళేలు తెండి!" మామగారు అరిచాడు. "గంగాళం, బకెట్లు, ఏది దొరికితే అది!"

ఆమె వీధిలో నడుస్తోంది. ఒక పక్క మామగారు గంగాళం, ఇంకో పక్క అత్తగారు చేట, వెనకాల ఆడపడుచు బడిసంచి నోరు తెరిచి పట్టుకుని. భర్త తొడుగులు తియ్యడం మరిచిపోయి, ఖాళీ బకెట్ ఆమె మోచేతి కింద పెట్టి పక్కపక్కనే నడిచాడు. ఉండిపొమ్మని ఒక్కరూ అనలేదు.

"కొంచెం నెమ్మదిగా నడు తల్లీ," అన్నాడు మామగారు, రొప్పుతూ. "గాలికి పోతోంది."

బస్సు వచ్చేదాకా అలాగే పట్టుకున్నారు. ఆమె ఎక్కాక కండక్టర్ సీటు దులిపిచ్చాడు.

ఆ పొడితో తొట్లన్నీ నిండి, ఇంకా గోనెసంచులు మిగిలాయి. అంత మంచి పొడి ఆ షెడ్డు ఎన్నడూ చూడలేదు. మర్నాడు వ్యాపారి గుడ్లని భూతద్దంతో చూసి, సంతోషంగా తీసుకెళ్ళాడు. కోళ్ళ జుట్లు ఎరుపెక్కాయి. మామగారు రోజూ సంచులు తడిమి చూసుకుని, "ఎంతైనా మంచి పిల్ల," అనేవాడు. పైపు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సంచులు పైపు పక్కనే గోడకి ఆనించి ఉన్నాయి. ముసురు పట్టిన ఒక వారం తర్వాత మూతి విప్పితే లోపలంతా గడ్డలు. తడిసిన పొడికి ప్రాణం లేదు, కోళ్ళు దాని మీద కూర్చుని రెట్టలేశాయి. తోకల కింద మళ్ళీ నలుపు మొదలైంది.

"వెళ్ళి తీసుకురా," అన్నాడు మామగారు కొడుకుతో. "రాకపోతే పోనీ. మొహం చూపించి గట్టిగా ఒక్క ఛీ అనిపించుకుని రా. డబ్బా తీసుకెళ్ళు."

అతను మూత గట్టిగా ఉన్న డబ్బా ఒకటి తుడిచి పట్టుకెళ్ళాడు.

బేకరీలో గోడలు తెల్లగా ఉన్నాయి. ఆమె గాజు అలమారా వెనక నిలబడి రొట్టెలు కాగితంలో చుడుతోంది. బుగ్గలు నిండాయి. అతను వరసలో నిలబడ్డాడు. ఇంతలో ఒక ఈగ వచ్చి కేకు మీద వాలింది. "ఛీ!" అందామె. వేళ్ళ నుంచి చిటికెడు పొడి బల్ల మీద రాలింది. "ఇదిగో, మళ్ళీ!" అని లోపల్నుంచి యజమానురాలి గొంతు వినిపించింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. డబ్బా మూత తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు.

అతని వంతు వచ్చింది.

"ఏం కావాలండీ?" అందామె.

"నేనే," అన్నాడు.

"ఊఁ. ఏం కావాలి?"

అతను డబ్బా ఆమె చేతుల కిందికి జరిపాడు. "నన్ను చూసి ఒక్కసారి ఛీ అను. తిట్టు. నూనె గిన్నె గుర్తు తెచ్చుకో. నీ ఇష్టం, ఎంత కావాలంటే అంత అను."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎంతసేపు చూడాలో అంతసేపు చూసింది. అతను ఆమె వేళ్ళకేసి చూశాడు. నున్నగా ఉన్నాయి, పిండి తడి ఇంకా ఆరలేదు, ఒక్క పగులు కూడా లేదు. డబ్బాలో ఒక్క నలుసు పడలేదు. ఈగ పాటి కూడా కాలేకపోయాడు.

"రొట్టె ఇవ్వమంటారా, బిస్కెట్లా?" అందామె. "వెనక మనుషులున్నారు."

రొట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. బస్సులో ఒళ్ళో ఖాళీ డబ్బా పెట్టుకుని, దిగేదాకా దాని మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక తండ్రి ఏదో అడుగుతుంటే వినకుండా పానా వెతికి పైపు బిగించాడు. పులిసిన పొట్టంతా పారతో ఎత్తి బయట పోశాడు. రబ్బరు తొడుగులు ఎక్కడో చిరిగిపోయాయి, తీసి పారేశాడు. మర్నాడు పొద్దున్న టీ తాగకముందే కోడిని తలకిందులుగా చంకలో ఇరికించుకుని, తోక కింద ఊదాడు. నల్లగా, జిడ్డుగా, గుంపుగా ఉన్నాయి. రెండు పెదవి మీదికి ఎక్కాయి, ఒకటి నోట్లోకి పోయింది.

"ఛీ!" అన్నాడు. కడుపులోంచే వచ్చింది.

ఆగి, చేతులు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. రెట్ట తప్ప ఏమీ లేదు. ఇంకో కోడిని పట్టుకున్నాడు.